ఉప్పుకోట రెండో భాగం

ఆగస్టు 11, 2003

రాస్తే నత్తి లేదు. ఇవాళ కనిపెట్టాను. నోటితో మా ఆవిడను "నర్మదా, నీళ్లు" అంటే "నమ్మదా, నీయు" అని వస్తోంది. కాగితం మీద నర్మద నర్మదే, నీళ్లు నీళ్లే. బోధన్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న తెలుగు ఇన్నాళ్లకు పనికొచ్చింది. మరాఠీలో రాస్తే మా ప్రాచి చదివేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. నా బిడ్డకు తెలుగు నేర్పనందుకు మొదటిసారి సంతోషించాను.

జూన్‌లో పక్షవాతం కొట్టింది. చెయ్యీ కాలూ తొందరగానే దారికొచ్చాయి. నాలుక రాలేదు. దవాఖానాలో డాక్టర్ "బోలత్ రాహా, కాకా, బోలత్ రాహా" అని ఒకటే పోరు. మాట్లాడుతూనే ఉండాలట. ఎవరితో? ఏమని?

ఈ నాందేడ్‌లోనే కాదు, అటు ధర్మాబాద్, హిమాయత్‌నగర్ దాకా ఆటోకు లౌడ్‌స్పీకర్ భోంగా కట్టుకుని తిరిగిన గొంతు నాది. సర్కస్ వచ్చినా, చీరల సేల్ పెట్టినా, నల్లా నీళ్లు రాకపోయినా మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఊరికి చెప్పేది నేనే. ఆటో సంగన్నది, మైకు నాది. అలాంటివాణ్ణి ఇప్పుడు నీళ్లు అడగలేకపోతున్నాను.

ఆగస్టు 15

సంగన్న వచ్చాడు. గోడవైపు తిరిగి పడుకున్నాను.

"నిద్రవోయిండా అన్న?" అని అడిగాడు.

"ఇప్పుడే పన్నడు" అంది నర్మద. నేను నిద్రపోలేదని ఆమెకూ తెలుసు, వాడికీ తెలుసు.

"ఎవలో పోరనితోని క్యాసెట్ నింపించిన వదినా. అన్నకు మంచిగయ్యేదాంక గదే నడుపుత. గా ఖాళీ సీటు జూస్తె మనసు మంచిగుంటలేదు."

వాడు వెళ్లాక ఆటోలోంచి క్యాసెట్ వినిపించింది. చీరల సేల్. కుర్రాడి గొంతు బాగానే ఉంది. "చీరలు" అన్న తర్వాత కాస్త ఆగాలి. ఆగలేదు. అంతే. ఇంకేమీ తప్పు లేదు.

ఆగస్టు 22

ప్రాచికి డిప్లొమా కోసమని పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. డిప్లొమా సంగతి తెలియదు గాని ఆట ఆడుతోంది. వజీరాబాద్‌లో నెట్ కేఫ్ నడిపే మంగేశ్ ఆ సీడీ ఇచ్చాడట. పేరు ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో చెప్పవే అని వాళ్లమ్మ అడిగితే "ఉప్పుకోట" అంది. ఒక ఉప్పుమడి కూలివాడు ఊరూరా తిరిగి, నలుగురు తోడు మనుషుల్ని కూడగట్టుకుని, దేశంలో ఉప్పంతా తన కోటలో దాచుకున్న రాణి దగ్గరికి పోవాలి. ఆ కూలివాడు ఎవరో కాదు, ఆడేవాళ్లే. వాడు ఎవర్ని నమ్మాలో, ఎవరికి ఏం జవాబివ్వాలో మనమే ఎంచుకోవాలి. కూలివాడికి పేరు పెట్టమని ఆట అడిగితే ప్రాచి "బాపు" అని కొట్టింది. అంటే నేను. నన్ను అడగనైనా లేదు.

నాకు ఆ ఆట మీద ఆసక్తేమీ లేదు. ఫ్యాను ఆ గదిలో ఉంది కాబట్టి అక్కడ కూర్చుంటున్నాను.

ఆగస్టు 23

ఇవాళా ఫ్యాను కోసమే.

ఆగస్టు 30

ఈ ఆటలో ఎవరూ నోరు తెరవరు. బొమ్మలు వేలిగోరంత. వాళ్ల మాటలు కింద ఇంగ్లిష్‌లో పడతాయి. ప్రాచి చదివి నాకోసం తెలుగులో చెబుతుంది. చెప్పడం ఎలా ఉందంటే, బడిలో హాజరు పిలిచినట్టుంది. ఏటి దగ్గర పడవ నడిపే ఒక ముసలమ్మ ఉంది. కొడుకును రాణి సిపాయిలు పట్టుకుపోయారు. ఆమె ఆ సంగతి చెప్పుకుంటోంది. మా ప్రాచి: "నా కొడుకును తీస్కపోయిండ్రు. పడవ ఎక్కుండ్రి. పైసలు ముందే ఇయ్యుండ్రి."

నాకు ఒళ్లు మండింది. "ముసలమ్మ గట్ల మాట్లాడదు!" అన్నాను. నిజానికి ఏం వచ్చిందో నాకే తెలియదు. "ముచయమ్మ" అని వచ్చి ఉంటుంది.

ప్రాచి మౌసు వదిలేసి నావైపు తిరిగింది. "మరెట్ల మాట్లాడ్తది బాపూ?"

చెప్పాను. మెల్లగా చెప్పాను. ముసలమ్మకు పళ్లుండవు గదా, నత్తి ఉన్నా చెల్లుతుంది. "నా కొడుకును..." అని ఆగాను. ఆ ఆగడం ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. ఆ తర్వాతే "తీస్కపోయిండ్రు బిడ్డా" అన్నాను.

వంటగదిలోంచి నర్మద గరిటెతో సహా వచ్చింది. "ఎవలచ్చిండ్రు? ఎవలో ముసలామె ఏడుస్తున్నట్టున్నదేంది?"

ప్రాచి నన్ను చూపించింది. ముగ్గురం నవ్వాం. నా నవ్వు కూడా వంకరగానే ఉంది, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. నర్మద ఆ వంకర నవ్వు చూసి గరిటె అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వింది.

సెప్టెంబర్ 9

ఇప్పుడు పడవ ముసలమ్మ నాదే. దొంగ కూడా నాదే, దక్కనీ హిందీలో మాట్లాడుతున్నాడు. ప్రాచి కూలివాడి గొంతు. మూటలు మోసే కంచరగాడిదకు సంగన్న అని పేరు పెట్టాను. అరవనంటుంది, మొండికేస్తుంది, కాని ఎక్కడా వదిలిపెట్టి పోదు.

సెప్టెంబర్ 21

లోడ్‌షెడ్డింగ్ వల్ల రోజుకు రెండు విడతలే ఆట. ఈ ఆట తయారు చేసినవాళ్లు మంచివాళ్లు. ఆటను ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు. కరెంటు పోయి వచ్చాక మళ్లీ అక్కడి నుంచే. కొట్లాటలు కూడా అంతే. మన వంతు వస్తే మనం చెప్పేదాకా శత్రువు కత్తి పైకెత్తి అలాగే నిలబడి ఉంటాడు. టీ తాగి రావచ్చు. ఇవాళ నర్మద చపాతీలన్నీ కాల్చి వచ్చేదాకా ఒక రాక్షసుడు నిలబడే ఉన్నాడు.

అవును, నర్మద కూడా. ఉప్పురాణి ఆమెదే. ఎవరూ అడగలేదు. ఒక రోజు రాణి మాట ప్రాచి చదవగానే, పొయ్యి దగ్గర్నుంచే, "ఉప్పు నాది! ఎవడ్రా అడిగెటోడు?" అని ఒక్క కేక వేసింది. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారట.

అక్టోబర్ 12

మొదటి భాగం అయిపోయింది. ఎలా అయిపోయిందో రాసుకోవాలి.

కోటలో రాణి ఎదురుపడింది. యుద్ధం చేయొచ్చు, మాటలతో ఒప్పించొచ్చు. ప్రాచి నావైపు చూసింది. "నువ్వే మాట్లాడు బాపూ. పేరు నీదే గద." తెర మీద మూడు జవాబులున్నాయి. మూడోది నొక్కితే రాణి లొంగుతుందని మంగేశ్ ముందే చెప్పాడట. కాని మా రాణి చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. లొంగేలా లేదు.

"ఉప్పు ఇడ్సిపెట్టు తల్లీ" అన్నాను.

"ఎందుకిడ్సిపెట్టాలె?"

"ఊళ్లె జనం చప్పిడి తింటున్నరు."

"తిననియ్యి. గిన్ని దినాలసంది మాట్లాడకుంట, గోడ దిక్కు మొకం పెట్టి పన్నోనికి ఉప్పెందుకు?"

ప్రాచి నవ్వబోయి ఆపుకుంది. నర్మద చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు, తలెత్తలేదు. తెర మీద రాణి కూడా కదలకుండా నిలబడి ఉంది.

నేను చాలాసేపు వెతుక్కుని అన్నాను: "మాట్లాడుత. జర ఆలస్యమైతది. ఒక్కో మాట అడ్డం తిరుగుతది. ఆగుతవా?"

"ఎందుకాగ" అంది రాణి. "నేనేడికి వోతున్న?"

ప్రాచి మూడో జవాబు నొక్కింది. కోట తలుపులు తెరుచుకున్నాయి. ఏరంతా ఉప్పు నిండిన తెల్లటి పడవలు.

అక్టోబర్ 14

సంగన్న వచ్చాడు. స్నానాల గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నాను. ఇంట్లో మాట్లాడటం వేరు.

అక్టోబర్ 29

దీపావళి సెలవుల్లో రెండో భాగం వచ్చింది. మంగేశ్ కంప్యూటర్ విప్పి లోపల ఏదో చిన్న పలక బిగించి వెళ్లాడు. అది లేకపోతే ఈ భాగం నడవదట. మొదటిది దేన్లో పెట్టినా నడిచింది. ఇదే మొదటి తేడా. రాసుకుంటున్నాను.

బొమ్మలు బ్రహ్మాండం. కాదనను. వేలిగోరంత మనుషులు ఇప్పుడు అరచేతంత అయ్యారు. ముఖంలో కనుబొమ్మలు కదులుతాయి. చుట్టూ తిరిగి ఎవరి వీపు కావాలంటే వాళ్ల వీపు చూడొచ్చు. ఏటి మీద వాన పడితే చుక్క చుక్కకూ గుండ్రాలు లేస్తాయి. ప్రాచి నోరు తెరుచుకుని చూస్తోంది.

కథ ముప్పై ఏళ్ల తర్వాత. ఈసారి మనం ఒక అమ్మాయి. ఏటి ఎగువన ఎవరో నీళ్లకు అడ్డుకట్ట వేశారు, ఎవరో కనుక్కోవాలి. పడవ ముసలమ్మ చచ్చిపోయింది. ఆమె మనవరాలు నడుపుతోంది. కంచరగాడిద లేదు, మూటలు వాటంతటవే మాయమై సంచిలోకి పోతాయి.

శత్రువు ఆగడు. మనం ఆలోచిస్తుండగానే కొట్టేస్తాడు. ఎక్కడంటే అక్కడ దాచుకోవడం లేదు, సత్రానికి పోయి పడుకుంటేనే దాచుకుంటుంది. మన లోడ్‌షెడ్డింగ్ వాళ్లకేం తెలుసు? మధ్యాహ్నమంతా నడిచిన దారి సత్రం వాకిట్లో కరెంటుతో పాటే పోయింది.

ఇక అందరికీ గొంతులున్నాయి. నిజం గొంతులు. ఇంగ్లిష్‌లో దొరల్లా మాట్లాడుతున్నారు. బాగానే మాట్లాడుతున్నారు.

నాకు రంగులు నచ్చలేదు. మరీ నీలం.

నవంబర్ 3

రంగులు నచ్చలేదు.

నవంబర్ 6

ఫ్యాను అక్కర్లేదు, చలి మొదలైంది. ముందుగదిలోనే కూర్చున్నాను.

నవంబర్ 10

ఇవాళ ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పని పడలేదు.

నవంబర్ 16

నర్మద స్పీకర్ వైరు పీకేసింది.

ప్రాచి లేచి నిలబడింది. "ఏందమ్మా! మంచిగ నడుస్తున్నది గద!"

"ఏం నడుస్తున్నదే? గాళ్లు ఏమంటున్నరో నాకు సమజ్ అయితలేదు. నువ్వు చెప్తలేవు. మీ బాపు చెప్తలేడు. ఇంట్ల ముగ్గురమున్నం, సావు జరిగినట్టున్నది."

"ఆళ్లు పెద్ద పెద్ద కళాకారులు, ఎంత మంచిగ మాట్లాడ్తున్నరో..."

"ఉండనియ్యి. గా పడవ పోరి గొంతుల మీ బాపు ముసలమ్మంత రేషం లేదు."

ముందుగదిలోంచి విన్నాను. రేషం లేదట. రేషం అంటే పట్టు నునుపు. అది గొంతుకూ ఉంటుందని ఇంత కాలంలో నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్లి నా చోట్లో కూర్చున్నాను.

తల్లీకూతుళ్లకు రాజీ కుదిరింది. ముందు వైరు పెట్టి వాళ్ల మాట ఒకసారి వినాలి. తర్వాత వైరు తీసి మా మాట చెప్పుకోవాలి. కాని శత్రువు ఆగడు గదా! పడవ పిల్ల మాట నేను సగం చెప్పేలోపు దొంగలు వచ్చి ఆటలో మా మనుషులు ముగ్గుర్ని చంపేశారు. నర్మద "ఆగుండ్రిరా, మాట పూర్తి కాలే!" అని తెరమీదికి చెయ్యెత్తింది. నవ్వి నవ్వి ప్రాచికి ఎక్కిళ్లు వచ్చాయి.

తొందరపడటం నేర్చుకుంటున్నాను. తొందరగా అంటే "పదండి" కూడా "పయండి" అవుతోంది. కాని ఎవరూ పట్టించుకోవడం లేదు, ప్రాణాల మీదికి వచ్చింది కాబట్టి.

నవంబర్ 30

రెండో భాగంలో ఒక మంచి విషయం. రాయకపోతే అన్యాయం. ఇందులో తోడు మనుషులకు పౌరుషం ఉంది. మొదటి భాగంలో వాళ్లను ఏమన్నా పడి ఉండేవారు. ఇందులో రెండు మూడుసార్లు మాట లెక్కచేయకపోతే మూట సర్దుకుని వెళ్లిపోతారు. పిలిస్తే రారు. మనమే వెతుక్కుంటూ పోయి బతిమాలుకోవాలి. ఇవాళ అలా ఒకతన్ని వెతకడానికే పొద్దంతా పట్టింది. దొరికాడు. నేనే బతిమాలాను. వచ్చాడు.

సంగన్న ఈ వారం రాలేదు.

డిసెంబర్ 18

నాకు ఈ ఆట వద్దు. ఇక ముట్టను.

ఏటి ఒడ్డు సత్రంలో, పొయ్యి పక్కన, ఒక ముసలివాడు కంబళి కప్పుకుని కూర్చున్నాడు. ప్రాచి ఎవరా అని మౌసు బాణం వాడిమీద పెట్టింది. పేరు పడింది. "బాపు". మొదటి భాగం మొదలుపెట్టినప్పుడు కొట్టిన పేరు. దాచుకున్న పాత ఆటలోంచి ఇది తీసుకుందట.

ఉప్పుమడి కూలివాడు. మేం కోట దాకా తీసుకెళ్లినవాడు. రాణిని మాటలతో ఒప్పించినవాడు.

ప్రాచి నొక్కింది. తలెత్తి చూశాడు. తలూపాడు. అంతే. మళ్లీ నొక్కింది. తలూపాడు. ఈ ఆటలో సత్రం యజమానికి గొంతు ఉంది, సిపాయికి ఉంది, వాకిట్లో మేకకు కూడా ఉంది. వాడికి లేదు.

లేచి వచ్చేశాను.

డిసెంబర్ 19

ప్రాచి ముందుగదిలోకి వచ్చి నేల మీద కూర్చుంది. మంగేశ్ దగ్గరికి పోయి అడిగొచ్చిందట.

"బాపూ, ఆయన మూగోడు గాదు."

నేను పేపర్ చూస్తున్నాను.

"మొదటి భాగంల ఆయన ఏం మాట్లాడిండో ఎవలింట్ల ఆళ్లే అనుకున్నరు గద. ఆట తయార్ జేసినోళ్లకు అదెట్ల తెలుస్తది? ఎవలి గొంతు పెడ్తరు? ఎవలిది పెట్టినా మనోడు గాడు. గందుకే ఖాళీ ఇడ్సిండ్రంట. ఆడెటోళ్ల కోసం."

"ఎవలు జెప్పిండ్రు?"

"మంగేశ్ దాదా ఎక్కన్నో నెట్‌ల సదివిండు."

వెళ్లి కూర్చున్నాను. నర్మద కూడా వచ్చి కూర్చుంది. ప్రాచి ఆటలోని అమ్మాయిని పొయ్యి దగ్గరికి నడిపించి, వైరు తీసేసి, నొక్కింది. ముసలివాడు తలెత్తాడు.

ఏం మాట్లాడాలో అనుకోలేదు. "కూసో బిడ్డా" అన్నాను. "మూగోన్ని అనుకున్నవా? ఈ ఏటి పొడుగూత నా గొంతు వినవడ్డది ఒకప్పుడు. ఇప్పుడు జర మెల్లగైంది. మెల్లగైతెనేమి, ఉన్నది. నువ్వు ఎగువకు వోతున్నవ్. అడ్డుకట్ట ఎవలు ఏసిండ్రో నేను జెప్ప, నువ్వే చూడు. ఒక్కటి మాత్రం జెప్త. తోడున్నోళ్లను ఇడ్సిపెట్టకు. ఆళ్లు వాకిట్లకచ్చి నిలవడితె గొళ్లెం పెట్టుకోకు. నేను పెట్టుకున్న. మస్తు రోజులు పెట్టుకున్న."

ఇంకా చెప్పాను. ఏరు గురించి, ఉప్పు పడవల గురించి. గొంతు దానంతటదే పెరిగింది, మైకు ఉన్నప్పుడు పెరిగినట్టు. మధ్యలో రెండు మూడు మాటలు అడ్డం తిరిగాయి. తిప్పుకున్నాను. ఈ ఒక్క చోట ఆట కూడా ఆగింది. సత్రంలో శత్రువులు రారు.

ఆపి చూస్తే గుమ్మంలో సంగన్న. చెప్పులు కూడా విప్పలేదు.

"బయట ఆటో బందు చేసి ఇంటున్న" అన్నాడు. "ఎవలన్నా గా ముసలోడు?"

"మీ అన్ననే" అంది ప్రాచి. "మొదటి దాంట్ల నువ్వు గూడ ఉన్నవ్ కాకా. కంచరగాడిదవు."

సంగన్న ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. "జీతం గిట్ల ఇచ్చిండ్రా మరి?" అన్నాడు. నేను లేచి పోయి వాడి చెయ్యి పట్టుకున్నాను. "గడ్డి ఏసినం" అన్నాను. స్పష్టంగా వచ్చింది.

డిసెంబర్ 27

ప్రాచి అడిగింది, రెండిట్లో ఏది మంచిది అని. మంగేశ్ కేఫ్‌లో పోరలు దీనిమీద కొట్టుకుంటున్నారట. నన్ను తీర్పు చెప్పమన్నారట.

మొదటిది పేదది. గొంతు లేదు, ముఖం లేదు, వాన లేదు. అన్నీ మనమే తెచ్చుకోవాలి. అందుకే అది మన ఇల్లు అయింది. మన కోసం ఆగింది, మనకు ఆగేవాళ్లు కావలసినప్పుడు. రెండోది ధనవంతురాలు. అన్నీ తనే తెచ్చింది, మనకు చోటు లేదనిపించింది. ఆగదు, ఉరికిస్తుంది. కాని మాట లెక్కచేయకపోతే తోడు పోతుందని అదే చెప్పింది. పొయ్యి పక్కన ఒక్క పీట ఖాళీగా కూడా ఉంచింది.

ప్రాచికి ఇంత చెప్పలేదు. "మొదటిదే" అన్నాను. "రంగులు మంచిగుండె."

జనవరి 4, 2004

ఇవాళ పోలియో ఆదివారం. పొద్దున్నే సంగన్న వచ్చాడు. క్యాసెట్ మరాఠీలో ఉంది, కర్ఖేలి వైపు తెలుగు వాడల్లో ఆడవాళ్లు పత్తి ఏరడానికి పోతారు, పిల్లలు చుక్కల బూత్ దగ్గరికి రావడం లేదు.

"తెలుగుల జెప్పాలన్నా. జర దూరమే. నువ్వు రాకుంటె క్యాసెటే ఏస్త."

"నడువ్" అన్నాను. నర్మద మఫ్లర్ తెచ్చి మెడకు చుట్టింది. 

కర్ఖేలిలో మైకు పట్టుకున్నాను. మొదటి మాటే పాడైపోయింది. "అమ్మలాయా" అని వచ్చింది. "అమ్మలారా" అనాలి. ఇద్దరు పిల్లలు పకపకా నవ్వి ఆటో వెనక పడ్డారు. నవ్వేవాళ్లు ఎలాగూ వచ్చారు కదా అని పడవ ముసలమ్మను దించాను. "ఓ బిడ్డలూ... నోరు తెరువుండ్రి, రెండు చుక్కలే, చేదుండదు!" ఇంకో వీధిలో దొంగ: "అరే భాయ్, చుక్కలు దోచుకుందాం రండ్రి!" ఇంకో వీధిలో ఉప్పురాణి. అది నర్మద గొంతులో చెప్పాను. "ఎవడ్రా గా ఇంట్ల దాసుకున్నోడు? బయటికి తే పిల్లగాన్ని!" ఇరవయ్యో, ముప్పయ్యో పిల్లలు అయ్యారు. కొందరు చుక్కలు వేయించుకుని మళ్లీ వెనకే వస్తున్నారు. సంగన్న నవ్వుతూ ఆటోను ఒకసారి గోడకు రాసేశాడు.

కోమటి దుకాణం దాటాక ఒకామె అడ్డంగా నిలబడింది. చంకలో మనవడు. పేరు మైసవ్వ అట.

"ఏందయ్యా, సగం మాటలు మింగుతున్నవ్? మల్ల జెప్పు."

చెప్పాను.

"గిప్పుడు సమజైంది. గని గా పక్క వాడోళ్లకు ఇనవడలే. ఆడ గూడ జెప్పు. పా, నేను సూపిస్త."

మనవడితో సహా ఎక్కి నా పక్కన కూర్చుంది. అక్కడి నుంచి దారి ఆమెదే. ప్రతి ఇంటి ముందూ ఆపించింది, ప్రతిచోటా "మల్ల జెప్పు" అంది. మూడు వాడలు తిరిగాం. పొద్దు వాలే వేళకు బూత్‌లో ఉన్న నర్సమ్మ చుక్కల మందు ఖాళీ డబ్బా చూపించి, ఇంకో డబ్బా తెరిచింది.

ఇంటికొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. అరిచి అరిచి పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. నర్మద భయపడింది. సంగన్న జరిగిందంతా చెప్పాక మిరియాల కషాయం పెట్టింది, తిడుతూనే. ప్రాచి ఆట తెరిచింది. అడ్డుకట్ట ఎవరు వేశారో తెలిసే చోటు దగ్గరికి వచ్చాం. ఇవాళ నా వంతు మాటలు కూడా ప్రాచే చెప్పింది. ముసలివాడి మాట దగ్గర తొందరపడింది. నేను చెయ్యెత్తి, ఇక్కడ ఆగు, అని సైగ చేశాను. ఆగింది.